నిండిందన్న మాట

అన్నం బుట్ట నదిలో పోయిన రోజు పొద్దున ఇన్‌పేంగ్ రేవు మెట్ల మీద మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. వానాకాలం సగం దాటింది. మెకాంగ్ ఎర్రమట్టి రంగులో, అవతలి గట్టుని మంచులో దాచుకుని, చప్పుడు లేకుండా పోతోంది. అతను జిగురన్నం దాచుకునే ఆ వెదురు బుట్ట అడుగున అంటుకున్న మెతుకులు గిల్లి తీసి, నీళ్ళలో ముంచి, ఎత్తి ఒంపాడు. బువాలై అలాగే చేసేది. ఇంట్లో కుళాయి ఉండగా బుట్టని నదిలోనే ఎందుకు కడగాలో అతనికి తెలియదు. అడిగి ఉండవచ్చు. అడగలేదు.

మూతనీ బుట్టనీ కలిపి ఉంచే తాడు బాగా పాతది. మళ్ళీ ముంచినప్పుడు అది తెగిందని వెంటనే తెలియలేదు. చేతిలో బరువు తగ్గింది, అంతే. చూసేసరికి బుట్ట మూరెడు దూరంలో ఉంది. బోర్లా పడలేదు, మునగలేదు. ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు, నీళ్ళ మీద నిటారుగా కూర్చుని, మెల్లగా తిరుగుతూ వెళ్ళింది. ఇన్‌పేంగ్‌కి ఈత బాగా వచ్చు. రెండు బారలు వేస్తే అందేది. కానీ అది వెళ్తున్న తీరులో తొందర లేదు, బెదురు లేదు. దాన్ని పట్టుకుని వెనక్కి లాగడం మర్యాద కాదనిపించింది. మంచులో కలిసేదాకా చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత చూసుకుంటే ఎడమచేతిలో మూత ఉంది.

తిన్నాక బుట్ట మీద మూత పెట్టకపోతే ఆలుమగలు విడిపోతారని ఆ ఊళ్ళో అంటారు. బువాలై ఒక్కపూట కూడా మూత మరిచిపోలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి పడుకున్నదల్లా లేచి, వంటింట్లోకి వెళ్ళి, మూత తడిమి చూసుకుని వచ్చింది. ఏమిటని అడిగితే, "ఏం లేదు, నువ్వు పారిపోతావేమోనని" అని అటు తిరిగి పడుకుంది. ఈ ఏడు ఎండల్లో, కొత్త సంవత్సరం నీళ్ళ పండుగకి ముందు ఆమె పోయింది. ఆ రోజున కూడా మూత పెట్టే ఉంది.

రేవు నుంచి ఇంటికి ఒకటే వీధి. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇళ్ళ కింద, వెదురు మంచాల మీద, అందరూ పొద్దుటి అన్నానికి కూర్చునే వేళ అది. ముందునుంచి ఎవరు వెళ్తున్నా "రా, అన్నం తిందాం" అని పిలవడం, వెళ్తున్నవాళ్ళు "నిండింది" అని చేయెత్తడం ఆ వీధికి కోడికూత లాంటిది. వినిపించకపోతేనే తెల్లారలేదని అనుమానం వస్తుంది. పిలిచేవాళ్ళు మనసులోంచే పిలుస్తారు. కాదనేవాళ్ళ కడుపులో ఏముందో ఎవరూ ఆరా తీయరు. "వద్దు" అని మాత్రం ఎవరూ అనరు. వద్దంటే అన్నాన్ని అన్నట్టు. నిండిందంటే కడుపుని అన్నట్టు.

బడి ముందు నూడుల్స్ పులుసు అమ్మే సీసవన్ తన ఇంటి కింద కూర్చుని ముద్ద చేసుకుంటోంది. ఆమె బువాలై పిన్ని కూతురు. వరసకి మరదలు కాబట్టి నోటికి అడ్డు ఉండదు.

"ఏం బావా, మూత ఒక్కటే తెస్తున్నావు? బుట్ట అలిగి పుట్టింటికి పోయిందా?"

"నదిలో పోయింది."

సీసవన్ చేతిలో ముద్ద అక్కడే ఆగింది. అది ఎవరి బుట్టో ఆమెకి తెలుసు. కాసేపు నదివైపు చూసి, గొంతు తగ్గించి, "దా, ఎంగిలిపడి వెళ్ళు" అంది.

"నిండింది" అన్నాడు ఇన్‌పేంగ్. అప్పటికే అతను పక్కింటి ముందున్నాడు.

బువాలై పోయినప్పటి నుంచి అతని రోజులు ఇలాగే నడుస్తున్నాయి. ప్రతి ఇంటి ముందూ నిండిందని చెప్పుకుంటూ వెళ్ళి తన ఇంటి మెట్లెక్కేసరికి, ఊరంతా తిన్నవాడిలా అలసిపోయి ఉండేవాడు. కడుపులో మాత్రం ఏమీ ఉండేది కాదు. బుట్ట ఉన్నన్నాళ్ళూ పొద్దున గుప్పెడు బియ్యం ఆవిరికి పెట్టుకుని, దాన్నే సాయంత్రం దాకా తినేవాడు. ఇప్పుడు ఆ అన్నం ఉంచడానికి కూడా ఏమీ లేదు. మూతని వంటింటి మేకుకి తగిలించాడు. కొట్లో దొరికే రొట్టె ముక్క టీలో ముంచుకుని తినడం మొదలుపెట్టాడు.

ఆ సంగతి వీధికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. వీధి చివర బుట్టలల్లే పెంగ్‌దీ అవ్వ కబురంపింది, వచ్చి నచ్చిన బుట్ట పట్టుకెళ్ళమని. ఇంకా అంత అవసరం పడలేదని అతను తిరిగి కబురంపాడు.

*

అతనిది ఆ ఊరు కాదు. ఉత్తరాది కొండల్లోంచి ఉద్యోగం మీద వచ్చాడు. వచ్చిన వారంలోనే బువాలై తల్లి కొత్త మాస్టారిని భోజనానికి పిలిచింది. కాల్చిన చేప, వెదురు మొలకల కూర, మిరపకాయల పచ్చడి. ఇన్‌పేంగ్ నేర్చుకున్న మర్యాద ప్రకారం కొంచెం కొంచెంగా తిన్నాడు. ఇంకా పెట్టనా అని తల్లి అడిగింది. నిండిందన్నాడు. మళ్ళీ అడుగుతారు, కొసరి కొసరి వడ్డిస్తారు, అప్పుడు తినవచ్చని అతని లెక్క. ఆ మాట నోట్లోంచి వచ్చీ రాకముందే కూతురు వచ్చి పళ్ళెం ఎత్తుకుని వెళ్ళిపోయింది. అతని చెయ్యి చేప ఉన్నచోట గాలిలో ఉండిపోయింది. వంటింట్లోంచి నవ్వు, ఆ వెనకే తల్లి తిట్లు. పళ్ళెం తిరిగి వచ్చింది.

"మాస్టారు నిండిందన్నారు కదమ్మా" అంది ఆ పిల్ల, అతని ముందు పళ్ళెం పెడుతూ. "చదువు చెప్పేవాళ్ళు ఉత్తుత్తి మాటలు అనరు కదా అనుకున్నాను."

ఆ మాటకి సమాధానం వెతుక్కుంటూనే అతను ఆ ఇంటి అల్లుడయ్యాడు, ఆ వరసన ఊరందరికీ అల్లుడయ్యాడు.

మనుషుల 'నిండింది'ని విని, అది ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పడంలో బువాలైకి సాటి లేదు. ఆమె లెక్క ఆమెకుంది. మొదటిది మర్యాదది, రెండోది మొహమాటానిది, మూడోది కడుపుది. మూడోసారి దాకా అడగనివాళ్ళు అన్నం పెట్టినట్టు కాదు, మూడోసారి విన్నాక కూడా అడిగేవాళ్ళు పెట్టినట్టు కాదు, పొడిచినట్టు. ఇది ఊరి మాట కాదు, ఆమె సొంత మాట. అయినా ఆమె ఇంట్లో తిన్నవాళ్ళెవరూ ఆకలితో లేచి వెళ్ళలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం బడి విరామంలో ఇన్‌పేంగ్ ఆమె పడక పక్కన కూర్చుని గంజి తాగించాడు. కొన్ని చెంచాలు దిగాయి. ఇంకొకటి పట్టబోతే ఆమె తల కొంచెం తిప్పి, "నిండింది" అంది. అతను చెంచాని ఊది మళ్ళీ అడిగాడు. "నిండింది లే" అంది. కళ్ళలో నవ్వు లాంటిది ఏదో ఉంది. జ్వరం కూడా కావచ్చు. సరిగ్గా అప్పుడు బడి ముందు చింతచెట్టుకి వేలాడదీసిన లారీ చక్రాన్ని ఎవరో కొట్టారు. బడికి అదే గంట. "పిల్లలు చూస్తుంటారు, వెళ్ళు" అందామె. అతను వెళ్ళాడు. ఎక్కాలు వల్లె వేయిస్తూ ఉండగా సీసవన్ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె చెప్పవలసిన పని లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి గంజి గిన్నె మీద పళ్ళెం మూత పెట్టి ఉంది. తాను పెట్టలేదని సీసవన్ అంది.

బువాలై ఆకలితో వెళ్ళిందా, నిండి వెళ్ళిందా. ఇన్‌పేంగ్‌కి తెలుసుకోవలసింది అదొక్కటే మిగిలింది. రెండు మాటలు చెప్పింది. ఆమె లెక్క ప్రకారమే చూసినా అవి మర్యాద, మొహమాటం. కడుపు మాట రానే లేదు. ఎవరినైనా అడిగితే ఓదార్పుగా ఒక సమాధానం చెబుతారు. అతనికి ఓదార్పు అక్కర్లేదు, సమాధానం కావాలి. అందుకని ఎవరినీ అడగలేదు.

*

బళ్ళు తెరిచాక మూడో తరగతి పిల్లలకి భాష పాఠం వచ్చింది. అడిగిందానికి మర్యాదగా ఎలా జవాబివ్వాలన్నది పాఠం. అతను ఏటా చెప్పే పాఠమే. బోర్డు మీద మూడు చిన్న మాటలు రాశాడు. 'బొ' అంటే లేదు, కాదు. 'యాంగ్' అంటే ఇంకా లేదు. 'లేవ్' అంటే అయిపోయింది. పిల్లలకి అర్థమయ్యేలా తలుపుతో పోల్చి చెప్పాడు. 'బొ' అంటే తలుపు మూసేయడం. 'యాంగ్' అంటే తలుపు ఓరగా వేసి ఉంచడం. 'లేవ్' అంటే లోపలికి వెళ్ళి, చూసి, బయటికి వచ్చేయడం. అన్నానికి పిలిస్తే నిండిపోయింది, అంటే 'ఇమ్ లేవ్', అనాలి. ఊరు చూశావా, పడవెక్కావా, పెళ్ళయిందా అంటే 'యాంగ్' అనాలి, ఎందుకంటే రేపు ఉంది కాబట్టి. 'బొ' అనే మాటని వీలైనంత వరకు గూట్లో పెట్టి ఉంచాలి.

ఆకలేస్తున్నా నిండిందంటే అది అబద్ధం కాదా అని వెనక వరసలోంచి ఒక పిల్ల అడిగింది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ప్రతి ఏడూ అతను, అది అబద్ధం కాదు, మూత, అని చెప్పేవాడు. లోపల ఏముందో బయటివాళ్ళ మీద ఒలకకుండా పెట్టే మూత. ఆ రోజు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. రేపు చెబుతానన్నాడు.

పాఠం అయ్యాక, పట్నం నుంచి కొత్తగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ అందరినీ పలకరిస్తూ అతని దగ్గరికి వచ్చింది. ఏ ఊరు, ఎన్నాళ్ళయింది, పెళ్ళయిందా. ఎవరైనా ఎవరినైనా అడిగేదే. ఇన్‌పేంగ్ చేతిలో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు. కాలేదంటే ఆమే లేదన్నట్టు. ఇంకా లేదంటే నవ్వులాట. బోర్డు మీద మూడు మాటలూ అలాగే ఉన్నాయి. పిల్లలకి ఇంతకాలం చెప్పిన మూడు మాటల్లో తనకి సరిపోయేది ఏదో అతనికి తోచలేదు. చివరికి "అయింది" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ సంతోషించి, ఒకరోజు వాళ్ళావిడని చూడటానికి ఇంటికి వస్తానంది. పక్కనున్న టీచర్లు నేల చూశారు.

*

ఆ మధ్యాహ్నమే మొదటిసారి కల వచ్చింది.

భోజనాల వేళ బడి మూసి ఊరంతా కునుకు తీస్తుంది. ఇన్‌పేంగ్ ఇంటి కింద ఊయల్లో పడుకున్నాడు. వాన రాబోతూ ఆగి ఉంది. ఆకులు కదలడం లేదు. ఎక్కడో ఒక మరపడవ నదిలో ఎదురెక్కుతూ, ఎంతకీ దాటిపోకుండా, ఒకే చోట మోగుతున్నట్టుంది. ఆ చప్పుడు పలచబడి పలచబడి నీళ్ళయిపోయింది. నది మెట్లెక్కి వీధిలోకి వచ్చింది. ఇళ్ళ కిందుగా, కోళ్ళని కూడా లేపకుండా వచ్చి అతని ఊయల కింద నిలిచింది. నీళ్ళ మీద బల్ల వేసి ఉంది. బల్లకి అవతల బువాలై కూర్చుని ఉంది. జుట్టు తడిగా ఉంది. పక్కన బుట్ట, మూత లేదు. దాంట్లోంచి ఆవిరి వస్తోంది.

మూత తన చేతిలోనే ఉందని అతనికి తెలుసు. ఇవ్వవచ్చు. దానికి ముందు ఇంకో పని ఉందనిపించింది.

"తిను" అన్నాడు.

"నిండింది" అంది బువాలై.

"తిను, బువాలై."

"నిండింది లే."

కళ్ళలో అదే నవ్వు. ఇప్పుడు జ్వరం లేదు. ఇన్‌పేంగ్ నోరు తెరిచాడు. చింతచెట్టు దగ్గర చక్రం మోగింది. నది ఒక్కసారిగా వీధిలోంచి వెనక్కి వెళ్ళిపోయింది. అతను ఊయల్లో లేచి కూర్చుని, కోళ్ళు గింజలు ఏరుకుంటున్న పొడినేలని చాలాసేపు చూశాడు.

మర్నాడు మళ్ళీ అదే కల. ఆ తర్వాత కూడా. ఒకసారి బల్ల మీద చేప ఉండేది, ఒకసారి ఆమె పసుపురంగు అంచు బట్ట కట్టుకుని ఉండేది, ఒకసారి నీళ్ళ మీద చింతాకు తేలుతూ ఉండేది. మాటలు మాత్రం మారేవి కావు. రెండుసార్లు అడిగేవాడు, రెండుసార్లు చెప్పేది, చక్రం మోగేది. చక్రం మోగని ఆదివారం నాడు కావాలని పడుకున్నాడు. ఆ రోజు కల రాలేదు.

పోయినవాళ్ళు కలలోకి వచ్చి ఆకలంటే గుడిలో భిక్ష పెట్టాలి. చలంటే దుప్పటి ఇవ్వాలి. అది అందరికీ తెలిసిందే. కలలోకి వచ్చి నిండిందంటే ఏం చేయాలో ఎవరూ చెప్పుకోగా అతను వినలేదు.

*

పితరులకి నేల మీద అన్నం పెట్టే అమావాస్య దగ్గరపడింది. ముందు రోజు సాయంత్రం ప్రతి ఇంట్లో అరటాకులు కోసి తుడుస్తున్నారు. బడి నుంచి వస్తూ ఉండగా వాన పట్టుకుంది. ఇన్‌పేంగ్ దగ్గరలో ఉన్న ఇంటి కిందికి పరుగెత్తాడు. అది పెంగ్‌దీ అవ్వ ఇల్లు.

అవ్వ వెదురు చీలుస్తోంది. పళ్ళు లేవు, చూపు సగమే ఉంది. చేతులు మాత్రం చూసుకోనవసరం లేకుండా పనిచేసుకుపోతున్నాయి. చుట్టూ పూర్తయిన బుట్టలూ, సగంలో ఉన్న బుట్టలూ. తల ఎత్తకుండానే, "దా అల్లుడూ, అన్నం తిందువు" అంది.

"నిండింది, అవ్వా."

అవ్వ వెదురు వైపు తిరిగింది. వాన చూరు మీంచి తాళ్ళలా జారుతోంది. వీధి అవతలి ఇళ్ళు కనిపించడం మానేశాయి. లోకంలో ఆ ఇంటి అడుగు ఒక్కటే మిగిలినట్టుంది. ఎందుకు చెప్పాడో అతనికి తెలియదు. వానకి ఒకటే చప్పుడుగా ఉండటం వల్ల కావచ్చు, అవ్వ తనవైపు చూడకపోవడం వల్ల కావచ్చు. గంజి గురించి చెప్పాడు. కల గురించి చెప్పాడు. మొదటిది, రెండోది, మూడోది అని బువాలై చెప్పే లెక్క కూడా చెప్పాడు.

అవ్వ అంతా విని, ఒక బద్దని గోటితో గీసి చూసి పక్కన పెట్టింది.

"ఆడిస్తోంది నిన్ను" అంది. "మొట్టమొదటి రోజునే నీ ముందునుంచి చేప పళ్ళెం లాగేసిన పిల్ల. పోయినంత మాత్రాన బుద్ధి మారుతుందా?"

ఇన్‌పేంగ్ నవ్వలేదు. అవ్వ కూడా అతను నవ్వుతాడని ఎదురుచూడలేదు.

"సరే, ఒకటి చెప్పు. అది పోయాక ఈ వీధిలో నిన్నెవరైనా రెండోసారి అడిగారా?"

అతను ఆలోచించాడు. "లేదు."

"ఎందుకడగలేదు? మేం చెడ్డవాళ్ళమా?"

"కాదు."

"నువ్వు నిలబడవు కాబట్టి. మొదటిది మా మీద పడేసి, మేం నోరు తెరిచేసరికి పక్కింటి ముందుంటావు. రెండోది ఎవరికి చెప్పాలి? నీ వీపుకా?" అవ్వ కత్తి కింద పెట్టింది. "ఇప్పుడు వాన. ఎక్కడికి పోతావో పో. అన్నం తింటావా?"

"నిండింది, అవ్వా" అన్నాడు. గొంతు అతనికే సరిగ్గా వినపడలేదు.

అవ్వ సగం చూపుతో అతని ముఖం ఉన్నవైపు చూసింది.

"తింటావా?"

అదే మాట అనడానికి ఇన్‌పేంగ్ నోరు తెరిచాడు. ఎండాకాలం నుంచి ఈ వీధిలో ప్రతి ఇంటి ముందూ తడుముకోకుండా వచ్చిన మాట అది. లోపల వెతికాడు. అది ఉండవలసిన చోట ఆకలి ఉంది, పాతది, ఎన్నో రోజులది, ఎవరో తనని పలకరిస్తారని తలుపు పక్కన కూర్చుని ఉన్నట్టు. అతను చెప్పులు విప్పి మంచం మీద కూర్చున్నాడు.

అవ్వ పళ్ళేన్ని అతనివైపు జరిపి, బుట్ట మూత తీసింది. వెదురు మొలకలు, ఎండుచేప, మిరపకాయల పచ్చడి. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. అవ్వ నీళ్ళ చెంబు అందించి వెదురు వైపు తిరిగిపోయింది. తర్వాతివి దిగాయి. కాసేపటికి, ఇంకా పెట్టనా అని అటు తిరిగే అడిగింది. పెట్టమన్నాడు. బుట్ట అడుగు కనిపించేదాకా తిన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు వస్తున్నాయి. పచ్చడి ఎలాగూ కారంగానే ఉంది.

"నిండింది" అన్నాడు చివరికి.

"ఊఁ. ఇది కడుపుది" అంది అవ్వ. "నాకు చెవుడు లేదు."

అవ్వ తానే బుట్ట మీద మూత పెట్టింది. అప్పుడు, మేకుకి తగిలించిన ఆ మూతని పట్టుకురమ్మంది, దానికి సరిపోయే బుట్ట అల్లుతానంది. బుట్ట అల్లి మూత అల్లడం ఎవరైనా చేస్తారు. మూత చేతికిచ్చి బుట్ట అల్లమనడం, పాగా చూపించి తలకాయ తెమ్మన్నట్టు. అలాంటి పని ఇంతవరకు తన చేత ఎవరూ చేయించలేదని సణిగింది. ఇన్‌పేంగ్ అలవాటు కొద్దీ పెదవి కదిపాడు.

"దీనికి కూడా మూడుసార్లు అడగాలా?" అంది అవ్వ.

"అక్కర్లేదు" అన్నాడు.

*

మర్నాడు కోడి కూసే వేళకి ఊరంతా గుడి దగ్గర ఉంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. చిన్న చిన్న కొవ్వొత్తులు గోడ వెంట, చెట్ల మొదళ్ళలో, నేలలోంచి మొలిచినట్టు వెలుగుతున్నాయి. అరటాకు పొట్లాలు నేల మీద పెట్టి, ఎవరి వాళ్ళని వాళ్ళు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. తాతా, రా. అమ్మా, రా. పిలుపులన్నీ కలిసి, వాన వెలిశాక ఆకుల మీంచి రాలే నీళ్ళలా వినిపిస్తున్నాయి.

సీసవన్ ఇన్‌పేంగ్ చేతిలో పొట్లాలు పెట్టింది. అక్కకి తీపంటే ఇష్టమని ఒక దాంట్లో కొబ్బరి, బెల్లం పెట్టానంది. కొంచెం ఆగి, "నువ్వు తిన్నావా బావా?" అని అడిగింది. ఇంకా లేదన్నాడు. అయితే పూజయ్యాక పులుసు తాగడానికి రావాలంది. వస్తానన్నాడు. సీసవన్ అతన్ని తేరిపార చూసింది.

ఒక పొట్లం గోడ దగ్గర పెట్టాడు. కొబ్బరి పొట్లం పట్టుకుని రేవుకి వెళ్ళాడు.

మంచు నీళ్ళదాకా దిగి ఉంది. మెట్లు ఎక్కడ ఆగాయో, నది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఇన్‌పేంగ్ గొంతుక్కూర్చుని, తడి మెట్టు మీద పొట్లం పెట్టి, ఆకు విప్పాడు. అన్నం ఆవిరి మంచులో కలిసింది.

"బువాలై, తిను."

నీళ్ళు మెట్టుకి తగిలి వెనక్కి వెళ్ళాయి. ఆమె ఏమంటుందో అతనికి తెలుసు. వినిపించిందో, గుర్తొచ్చిందో వేరు చేయలేకపోయాడు. రెండూ ఒకే చోట నుంచి వస్తున్నాయి.

"తిను, బువాలై."

నిండింది లే.

అతను చక్రం మోగుతుందని ఎదురుచూశాడు. పండుగ రోజు, బడి లేదు. గుడి డప్పు కూడా మోగలేదు. ఎవరూ పిలవలేదు. పడవ ఏదీ రాలేదు. నది, మంచు, విప్పిన ఆకు, అన్నీ ఆగి అతని నోటివైపు చూస్తున్నట్టున్నాయి. ఇంతకాలం తనని అడగనివ్వనిది ఏదీ ఇప్పుడు అడ్డు లేదు.

మూడోది కడుపుది. మూడోసారి అడిగితే ఆమె నిజం చెబుతుంది. ఆకలని చెబితే, పెట్టడానికి తన దగ్గర ఈ ఆకు తప్ప ఏమీ లేదు. నిండిందని చెబితే, ఆ తర్వాత అడగడానికి ఏమీ లేదు. మూడోసారి విన్నాక మళ్ళీ అడిగితే అది పొడిచినట్టని ఆమే చెప్పింది. అప్పుడిక మూత పెట్టి లేవాలి.

మాట నాలుక మీద ఉంది. ఇన్‌పేంగ్ దాన్ని అక్కడే ఉంచుకుని, వెలుతురు వచ్చేదాకా కూర్చున్నాడు. ఒక చిన్న చేప పైకి వచ్చి మెట్టు అంచున రాలిన మెతుకు తీసుకుని వెళ్ళింది. అవతలి గట్టు మెల్లగా మంచులోంచి బయటికి వచ్చింది. అతను లేచి, ఆకుని అలాగే తెరిచి ఉంచి, పులుసు తాగడానికి సీసవన్ ఇంటికి వెళ్ళాడు.

కొత్త బుట్ట తర్వాత వచ్చింది. వెదురు ఇంకా పచ్చివాసన వేస్తోంది. మూత మాత్రం చేతులు పట్టి పట్టి నల్లబడిన పాత మూత. రెండూ కలిపి చూస్తే, ముసలాయన పాగా పెట్టుకున్న పసిబిడ్డలా ఉందని సీసవన్ అంది. మూత సరిగ్గా పట్టింది. తాడు కొత్తది. ఇన్‌పేంగ్ పొద్దున అన్నం వండుకుంటున్నాడు, తిన్నాక మూత పెడుతున్నాడు. బుట్టని నదిలోనే కడుగుతున్నాడు, తాడుని మణికట్టుకి చుట్టుకుని. వీధిలో ఎవరైనా పిలిస్తే నిండిందని చెప్పి, రెండో పిలుపు కోసం ఒక్క క్షణం నిలబడుతున్నాడు. వెనక వరస పిల్లకి జవాబు చెప్పాడు. హెడ్‌మిస్ట్రెస్‌కి ఎవరో చెప్పినట్టున్నారు, ఆమె ఒక సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గర పళ్ళు పెట్టి వెళ్ళింది.

మధ్యాహ్నాలు కల వస్తూనే ఉంది. ఇప్పుడు చక్రం మోగకముందే, అతనే రెండోసారి దగ్గర ఆగి ఆమెని చూస్తూ కూర్చుంటున్నాడు.

ఒకరోజు పెంగ్‌దీ అవ్వ బద్దలు చీలుస్తూ, "అడిగావా?" అంది.

"ఇంకా లేదు, అవ్వా."

బువాలైని మూడోసారి అడగవలసి ఉంది. అతను ఇంకా అడగలేదు.